ఈహెచ్‌పీ పరీక్ష తప్పేది మెషీన్ దగ్గర కాదు, బకెట్ దగ్గర

చెరువులో రొయ్య పిల్ల వేసి అరవై రోజులైంది. మేత ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రే పైకి తీస్తే మేత అయిపోయింది. రొయ్యలు చురుగ్గానే ఎగురుతున్నాయి. గట్టు పక్కన చచ్చినవి ఎక్కడా కనబడవు. అయినా వల విసిరి చూస్తే వేలెడంత రొయ్య ఒకటి, దాని పక్కనే అందులో సగం కూడా లేనిది ఇంకొకటి. రెండూ ఒకే రోజు, ఒకే హేచరీ నుంచి వచ్చిన పిల్లే. వారం ఆగి మళ్లీ తూకం వేస్తే పెద్దవి పెరిగాయి, చిన్నవి అక్కడే ఆగాయి. వైట్ స్పాట్ లాంటి వైరస్ వస్తే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ అవుతుంది, కనీసం ఏం జరిగిందో అర్థమవుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. మేత పోతూనే ఉంటుంది, బరువు మాత్రం రాదు.

ఇలాంటి చెరువులో అనుమానం ముందుగా ఈహెచ్‌పీ మీదికే పోతుంది. పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపీనేయి. 2004లో థాయిలాండ్‌లో ఎదుగుదల లేని టైగర్ రొయ్యల్లో పేరు తెలియని పరాన్నజీవిగా కనబడింది. 2009లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. 2023లో జాతిని మార్చి ఎసైటోన్యూక్లియోస్పోరా హెపటోపీనేయి అన్నారు. అదృష్టం ఏమిటంటే పేరు మారినా పొడి అక్షరాలు మారలేదు, ఈహెచ్‌పీ ఈహెచ్‌పీగానే మిగిలింది. ఇది వైరసూ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టమైన మైక్రోస్పోరీడియా అనే వర్గానికి చెందిన ఏకకణ జీవి. రైతులు లివర్ అని పిలిచే హెపటోపాంక్రియాస్ కణాల్లోకి దూరి, అక్కడే పెరిగి, విత్తనాల్లాంటి స్పోర్లుగా మారి, కణం పగిలినప్పుడు మలంతో పాటు నీళ్లలోకి వస్తుంది. వాటిని తిన్న రొయ్యకు మళ్లీ అంటుకుంటుంది. మధ్యలో ఇంకో జీవి అవసరం లేదు. చచ్చిన రొయ్యను పక్క రొయ్య పీక్కుతిన్నా చాలు.

రొయ్య ఎందుకు ఎదగదో దీని జన్యువులు చూస్తే తెలుస్తుంది. ఈ కుటుంబానికి చెందిన పరాన్నజీవులు చక్కెరను విరగ్గొట్టి శక్తి తయారు చేసుకునే గ్లైకాలిసిస్ యంత్రాంగాన్నే పోగొట్టుకున్నాయని 2017లో తేలింది. అంటే సొంత వంట లేదు. రొయ్య కణం తయారు చేసుకున్న శక్తిని నేరుగా లాగేసుకుని బతుకుతాయి. తిన్న మేత ఒంటికి పట్టకపోవడం వెనక ఉన్న కథ చాలావరకు ఇదే. ఇలాంటి అద్దెకుండే జీవి ఇంటి యజమానిని వెంటనే చంపుకోదు కాబట్టి చావులు కూడా కనబడవు.

అయితే సైజు తేడా కనబడగానే ఈహెచ్‌పీ అని రాసేసుకోవడం తప్పు. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే వైరస్ కూడా రొయ్యను గిడసబారేలా చేస్తుంది. రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతున్నా, మేత సరిగా అందకపోయినా సైజు తేడా వస్తుంది. బయటి లక్షణాలతో తేల్చలేని జబ్బు ఇది. పరీక్ష తప్పదు.

మైక్రోస్కోప్ ఉందిగా అనొచ్చు. లివర్ ముక్కను గాజు పలక మీద పలచగా రుద్ది, రంగు వేసి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడటం పాత పద్ధతి. కానీ ఈహెచ్‌పీ స్పోరు పొడవు సుమారు 1.1 మైక్రాన్లు, వెడల్పు 0.7 మైక్రాన్లు. అదే చెరువులో ఉండే విబ్రియో బ్యాక్టీరియా కంటే కూడా చిన్నది. బాగా ముదిరిన రొయ్యలో స్పోర్లు గుంపులుగా కనబడతాయి, అలవాటైన కన్ను పట్టేస్తుంది. తొలి రోజుల్లో మాత్రం పరాన్నజీవి ఇంకా స్పోరు రూపమే ఎత్తి ఉండదు. కణం లోపల ఆకారం లేని ముద్దలా ఉంటుంది. దాన్ని కణంలోని మిగతా సరుకు నుంచి వేరు చేసి చూడటం నిపుణులకే కష్టం.

కంటిని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి వైట్ ఫీకల్, అంటే తెల్ల మలం సమస్య వచ్చిన చెరువులే మంచి ఉదాహరణ. నీళ్ల మీద తెల్లటి దారాల్లా మలం తేలుతుంది. దాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే పురుగుల్లా పొడుగ్గా, పారదర్శకంగా ఏవో కనబడతాయి. అచ్చం గ్రెగరైన్ అనే పరాన్నజీవిలాగే ఉంటాయి. చాలాకాలం వాటిని గ్రెగరైన్లు అనే అనుకున్నారు, దానికి తగ్గ మందులూ వాడారు. 2014లో థాయిలాండ్ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూస్తే వాటిలో కేంద్రకం లేదు, కణ నిర్మాణం లేదు. అవి జీవులే కావు. లివర్ కణాల అంచున ఉండే సన్నటి నూగు ఊడిపోయి, చుట్టలు చుట్టుకుని పురుగు ఆకారంలో తయారైన ముద్దలు. రొయ్య సొంత శరీరం నుంచి రాలిన చెత్తకు పరాన్నజీవి అని పేరు పెట్టి మందు వేశారన్నమాట.

డీఎన్‌ఏ పరీక్షలు ఈ రంగంలో అంతగా పాతుకుపోవడానికి కారణం ఇదే. వాటిలో ముఖ్యమైన పీసీఆర్ ఆకారాన్ని చూడదు, రాతను చదువుతుంది. పరాన్నజీవి జన్యువులో ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, దాని రెండు చివరలకూ సరిగ్గా అతుక్కునే రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలను తయారు చేస్తారు. వాటినే ప్రైమర్లు అంటారు. ట్యూబులో వేడి చేస్తే డీఎన్‌ఏ జడ విడిపోతుంది, చల్లార్చితే ప్రైమర్లు తమ చోటు వెతుక్కుని అతుక్కుంటాయి, ఎంజైమ్ ఆ మధ్య భాగాన్ని నకలు తీస్తుంది. ఒక్కో చుట్టుకు సంఖ్య రెట్టింపు. 30 చుట్లు తిరిగేసరికి ఒక్క ముక్క లెక్క ప్రకారం 107 కోట్లు దాటుతుంది. అతుక్కునే చోటు లేకపోతే ఏమీ పెరగదు.

మొత్తం పరీక్ష విలువ ఆ 'అతుక్కునే చోటు' మీదే నిలబడి ఉంది. ఇక్కడే ఈహెచ్‌పీ పరీక్షల చరిత్రలో ఒక పెద్ద పాఠం ఉంది. మొదట్లో వచ్చిన పరీక్షలు కణంలో ప్రొటీన్లు తయారు చేసే రైబోజోమ్‌కు చెందిన చిన్న ఉపభాగపు జన్యువును లక్ష్యంగా పెట్టుకున్నాయి. ఆ ఎంపికకు కారణం లేకపోలేదు. ఆ జన్యువు ఒక్కో కణంలో చాలా నకళ్లుగా ఉంటుంది కాబట్టి కొంచెం సరుకు ఉన్నా దొరుకుతుంది. ఇబ్బందల్లా దాని రాత జాతి జాతికీ పెద్దగా మారదు. పీతల్లో, చేపల్లో, ఇతర జీవుల్లో ఉండే దగ్గరి మైక్రోస్పోరీడియాలకూ అదే ప్రైమర్ అతుక్కుపోగలదు. రొయ్య లివర్ వరకు పెద్ద ప్రమాదం లేదు. చెరువు మట్టి, పీత, మేతగా వేసే సముద్రపు పురుగు, మలం లాంటి వాటిని పరీక్షించినప్పుడు మాత్రం ఈహెచ్‌పీ లేకపోయినా పాజిటివ్ అని రావచ్చు. 2016లో స్పోరు గోడలో ఉండే ఒక ప్రొటీన్ జన్యువును ఎంచుకుని రెండంచెల నెస్టెడ్ పీసీఆర్ తయారు చేశారు. మొదటి అంచెలో 514 అక్షరాల ముక్క, దాని లోపలి నుంచి రెండో అంచెలో 148 అక్షరాల ముక్క. ఈ జన్యువు రాత ఈహెచ్‌పీకి ప్రత్యేకం కాబట్టి చుట్టాలను చూసి పొరబడదు. ల్యాబ్ రిపోర్టులో 'ఈహెచ్‌పీ పాజిటివ్' అని ఉంటే ఏ జన్యువు మీద అన్న ప్రశ్న అడగాలి. ఆ ముక్క రిపోర్టులో రాయని ల్యాబులు ఉండటం ఈ రంగానికి మంచిది కాదు.

ఇంతవరకు మెషీన్ గురించి. అసలు తప్పులు ఎక్కువగా జరిగేది అంతకు ముందే, శాంపిల్ తీసే బకెట్ దగ్గర.

ఒక లెక్క వేసి చూద్దాం. రెండు లక్షల పిల్లలున్న తొట్టిలో 2 శాతానికి ఈహెచ్‌పీ ఉంది. అంటే నాలుగు వేల పిల్లలు. శాంపిల్‌గా 30 పిల్లలు ల్యాబుకు వెళ్లాయి. ఆ ముప్పైలో ఒక్కటి కూడా సోకినది లేకపోయే అవకాశం ఎంత? 0.98ను ముప్పై సార్లు హెచ్చించుకుంటే దాదాపు 55 శాతం. ల్యాబు ఎంత గొప్పదైనా, మెషీన్ ఎంత ఖరీదైనదైనా, నాణెం ఎగరేసినట్టే. 60 పిల్లలు పంపితే తప్పిపోయే అవకాశం 30 శాతానికి దిగుతుంది. 150 పంపితేనే 5 శాతం దగ్గరికి వస్తుంది. రొయ్యల ఆరోగ్య పరీక్షల్లో 150 అన్న అంకె తరచూ వినబడేది ఇందుకే: సోకినవి 2 శాతం ఉంటే 95 శాతం భరోసాతో పట్టుకోవడానికి కావాల్సిన సంఖ్య అది. నెగెటివ్ రిపోర్టు చూసి టెన్షన్ తీరిపోయిందనుకునే ముందు, ఆ రిపోర్టు వెనక ఎన్ని పిల్లలు ఉన్నాయో చూడాలి.

నూట యాభై పిల్లలను విడివిడిగా పరీక్షించడం ఎవరికీ కుదరదు కాబట్టి గుంపులుగా కలిపి నలుపుతారు. పదిహేను పిల్లలను ఒక ట్యూబులో కలిపితే, వాటిలో ఒక్కదానికే సోకి ఉంటే, పరాన్నజీవి డీఎన్‌ఏ పదిహేనో వంతుకు పలచబడుతుంది. పీసీఆర్ భాషలో అది సుమారు నాలుగు చుట్ల ఆలస్యం. గట్టిగా సోకిన పిల్ల అయితే ఫరవాలేదు. తేలిగ్గా సోకినదైతే ఆ నాలుగు చుట్లే దాన్ని పరీక్ష పట్టగలిగే గీత కిందికి తోసేయవచ్చు. గుంపు ఎంత పెద్దదైతే ఖర్చు అంత తగ్గుతుంది, పట్టే శక్తీ అంత తగ్గుతుంది.

ఎక్కడి నుంచి తీయాలన్నది ఇంకో మెలిక, దీనికి జవాబు ప్రశ్నను బట్టి మారుతుంది. పిల్ల కొనేముందు 'ఈ తొట్టి శుభ్రమేనా' అని అడుగుతున్నప్పుడు తొట్టి నాలుగు మూలల నుంచీ, పై నుంచీ అడుగు నుంచీ ఎంపిక లేకుండా తీయాలి. పైన ఈదుతున్న హుషారైన పిల్లలనే జల్లెడలో పట్టుకుంటే శాంపిల్ తీసినట్టు కాదు. అదే పెరుగుదల ఆగిన చెరువులో 'కారణం ఈహెచ్‌పీయేనా' అని అడుగుతుంటే మాత్రం ఉద్దేశపూర్వకంగా చిన్నవాటినే ఏరాలి. నాలుగు పెద్ద రొయ్యలు పంపి నెగెటివ్ తెచ్చుకున్నా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

తీసిన శాంపిల్‌ను దేంట్లో వేస్తున్నారన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ రిపోర్టును అదే తారుమారు చేస్తుంది. లివర్ అంటే జీర్ణరసాల సంచి. రొయ్య చచ్చిన వెంటనే ఆ ఎంజైములు తమ కణాలనే అరిగించడం మొదలుపెడతాయి. చచ్చి కొన్ని గంటలైన రొయ్యను ఐస్‌లో పెట్టి పంపితే లోపల ఉండేది పులుసు. బతికున్నప్పుడే తీసి, 95 శాతం ఆల్కహాల్‌లో, కణజాలానికి పది రెట్లు ద్రవం ఉండేలా వేయాలి. ఫార్మలిన్ వద్దు, అది డీఎన్‌ఏను ముక్కలు చేసి ప్రొటీన్లతో ముడివేస్తుంది. కణజాల పరీక్షకు వాడే డేవిడ్సన్ ద్రవంలోనూ ఫార్మలిన్ ఉంటుంది కాబట్టి, ఒకే రొయ్యతో రెండు పరీక్షలూ చేయాలంటే మొదట్లోనే రెండు సీసాలు పెట్టుకోవాలి.

పిల్లల దగ్గర ఇంకో చిక్కు, కళ్లు. రొయ్య పిల్ల కంట్లోని నల్లటి వర్ణకం పీసీఆర్ ఎంజైమును పనిచేయనివ్వదు. అందుకే జాగ్రత్తగా పనిచేసే ల్యాబులో పిల్లలను నలిపేముందు కళ్లు కోసి పక్కన పెడతారు. నూట యాభై పిల్లలకు మూడు వందల కళ్లు. విసుగు పుట్టించే పనే. ఆ పని ఎగ్గొడితే మెషీన్ నెగెటివ్ చూపిస్తుంది, అందులో అబద్ధం ఉందని ఎవరికీ తెలియదు. దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, ప్రతి ట్యూబులోనూ రొయ్య సొంత జన్యువు ఒకదాన్ని కూడా పెంచి చూడటం. రొయ్యను నలిపిన ట్యూబులో రొయ్య డీఎన్‌ఏ కూడా కనబడకపోతే ఆ నెగెటివ్‌కు అర్థం లేదు. రెండోది ఇంకా సులువు. తీసిన డీఎన్‌ఏను పది రెట్లు నీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ పెట్టడం. మామూలుగా పలచన చేస్తే ఫలితం బలహీనపడాలి. అలా కాకుండా నెగెటివ్ కాస్తా పాజిటివ్‌గా మారిందంటే, అడ్డుపడుతున్న పదార్థం పలచబడి దారి తెరుచుకుందని అర్థం.

స్పోరుకు గట్టి గోడ ఉండటం వల్ల వచ్చే తిప్పలు వేరు. పైన ప్రొటీన్ పొర, దాని కింద కైటిన్ పొర. రొయ్య పెంకులో ఉండే కైటినే. మెత్తటి కణజాలానికి సరిపోయే రసాయనాలకు ఇది లొంగదు. సన్నటి గాజు పూసలు వేసి ట్యూబును గట్టిగా కుదిపి గోడ పగలగొడితేనే లోపలి డీఎన్‌ఏ బయటికి వస్తుంది. లివర్‌లో స్పోరు కాని దశలు కూడా ఉంటాయి కాబట్టి ఈ లోపం అంతగా బయటపడదు. మలం, మట్టి శాంపిళ్లలో ఉండేవి ఎక్కువగా స్పోర్లే, అక్కడ పూసలు వాడకపోతే ఫలితం ఘోరంగా దెబ్బతింటుంది.

ఇప్పుడు చాలా ల్యాబులు రియల్‌టైమ్ పీసీఆర్‌కు మారాయి. ఇందులో ఉందా లేదా అన్నదే కాక ఎంత ఉందన్నదీ తెలుస్తుంది. రిపోర్టులో కనబడే సీటీ విలువ అంటే, నకళ్లతో పాటు ట్యూబులో పెరిగే వెలుగు ఒక గీత దాటడానికి ఎన్ని చుట్లు పట్టాయన్న లెక్క. తక్కువ అంకె అంటే ఎక్కువ సరుకు. సీటీ 20కీ 30కీ తేడా పది చుట్లు, అంటే సుమారు వెయ్యి రెట్లు. సీటీ 20 వచ్చిన చెరువు, సీటీ 35 వచ్చిన చెరువు రెండూ పాజిటివ్వే. కానీ వాటిని ఒకే గాటన కట్టడం అన్యాయం. ఒక్క జాగ్రత్త: వేర్వేరు ల్యాబుల సీటీలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. తీసుకున్న కణజాలం బరువు, డీఎన్‌ఏ తీసిన పద్ధతి, లక్ష్యంగా పెట్టుకున్న జన్యువు మారితే సీటీ మారిపోతుంది. ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో, ఒకే చెరువును వారం వారం చూస్తేనే ఆ అంకె మాట్లాడుతుంది.

చెరువు గట్టు మీదే తేల్చేయాలన్న ఆశతో వచ్చిన పద్ధతుల్లో ముందు చెప్పుకోవాల్సింది లాంప్. 2000లో జపాన్‌లో వచ్చిన ఈ పద్ధతికి వేడి, చల్లన మార్చే మెషీన్ అక్కర్లేదు. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ట్యూబును గంటసేపు ఉంచితే చాలు. నాలుగు నుంచి ఆరు ప్రైమర్లు కలిసి పనిచేస్తాయి, ఫలితం రంగు మార్పుగా కంటికే కనబడుతుంది. ఈహెచ్‌పీకి లాంప్ 2013లోనే వచ్చింది. ఎంచుకున్న రాతను గుర్తుపట్టి కత్తిరించే క్రిస్పర్ కత్తెరను జతచేసి వెలుగు పుట్టించే పద్ధతి 2020లో వచ్చింది. ఇవి మంచివే. కానీ లాంప్ ట్యూబులో గంటలో తయారయ్యే నకళ్ల సంఖ్య ఎంత ఎక్కువంటే, పని అయ్యాక మూత ఒక్కసారి తెరిస్తే చాలు, కంటికి కనబడని తుంపరతో ఆ గదిలో తర్వాత చేసే పరీక్షలన్నీ పాజిటివ్ అయిపోవచ్చు. నెస్టెడ్ పీసీఆర్‌కూ ఇదే జబ్బు, మధ్యలో మూత తెరవాల్సిందే కదా. మామూలు నీళ్లు పెట్టిన కంట్రోల్ ట్యూబు కూడా పాజిటివ్ చూపిస్తే, ఆ రోజు రిపోర్టులన్నీ చెత్తబుట్టకే. గట్టు మీద గాలిలో, తడి చేతులతో పని చేసేటప్పుడు ఈ కట్టుబాటు పాటించడం చెప్పినంత తేలిక కాదు.

అన్ని పరాన్నజీవులకూ ఈ ఆర్భాటం అవసరం లేదు. పెంకు మీద, మొప్పల మీద నాచులా పట్టే జూతామ్నియం, ఎపిస్టైలిస్ వంటివి మామూలు మైక్రోస్కోప్‌లో చిన్న చిన్న గుడిగంటలు వేలాడదీసినట్టు స్పష్టంగా కనబడతాయి. వాటికి పీసీఆర్ చేయించడం డబ్బు దండగ. మంచినీటి రొయ్యల్లో కండ తెల్లబడే సమస్య మాత్రం వేరే. కండలో చేరే మైక్రోస్పోరీడియాల వల్ల రొయ్య పాలలా, దూదిలా తెల్లబడుతుంది. చైనాలో పెంచే మంచినీటి రొయ్య కండలో ఇలాంటి కొత్త జాతి ఒకదాన్ని 2016లో గుర్తించారు. స్కాంపి అనే మంచినీటి రొయ్య పిల్లల్లో తోక తెల్లబడితే అది ఎంఆర్‌ఎన్‌వీ అనే వైరస్ కావచ్చు. రవాణాలో నలిగినా, ఆక్సిజన్ తగ్గినా కండ తెల్లబడుతుంది. మూడూ పైకి ఒకటే తెలుపు. పైగా ఆ వైరస్‌ది ఆర్‌ఎన్‌ఏ కాబట్టి, డీఎన్‌ఏ మాత్రమే వెతికే పరీక్షకు అది దొరకనే దొరకదు, ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోవాలి. తెల్లటి తోకను పట్టుకుని 'పీసీఆర్ చేయండి' అంటే సరిపోదు, దేనికోసమో చెప్పాలి.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన సోకినట్టేనా అన్నది ఇంకా మిగిలే ఉంది. తల్లి రొయ్యలకు మేతగా వేసే పాలీకీట్ అనే సముద్రపు పురుగుల్లో ఈహెచ్‌పీ డీఎన్‌ఏ దొరుకుతుంది. వాటికి జబ్బు ఉందనే అర్థం కాదు, స్పోర్లను మింగి మోస్తూ ఉండొచ్చు. హేచరీకి మాత్రం ఆ తేడా పెద్ద ఊరట కాదు, మోసినా సోకినా తల్లి రొయ్య నోట్లోకి వెళ్లేది అవే స్పోర్లు. తల్లి రొయ్యలను కోసి చూడలేరు కాబట్టి వాటి మలాన్నే పరీక్షిస్తారు. మలంలో స్పోర్లు రోజూ ఒకేలా పడవు. ఒక రోజు నెగెటివ్‌తో వదిలేయకుండా కొన్ని రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు చూడటం మేలు.

రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు అడుగు సంగతి ఇంకా చిక్కు. సోకిన చెరువును ఎండగట్టి, హెక్టారుకు ఆరు టన్నుల కాల్చిన సున్నం వేసి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతుకు దున్ని, తడిపి, మట్టి పీహెచ్‌ను 12కు చేర్చాలన్నది థాయిలాండ్ నిపుణుల సలహా. ఆ పని చేశాక మట్టిని పీసీఆర్‌కు పంపితే పాజిటివ్ రావచ్చు. స్పోరు చచ్చినా దాని డీఎన్‌ఏ కొంతకాలం మట్టిలో ఉంటుంది, మెషీన్‌కు బతికున్నదీ చచ్చినదీ ఒకటే. స్పోరు బతికుందో లేదో చూడటానికి ప్రయోగశాలలో ఫ్లాక్సిన్ బి అనే రంగు వాడతారు. బతికున్న స్పోరు ఆ రంగు తగిలితే లోపల చుట్టచుట్టుకుని ఉన్న సన్నటి గొట్టాన్ని ఒక్కసారిగా బయటికి విసురుతుంది. రొయ్య కణంలోకి దూరడానికి వాడేది ఆ గొట్టమే. 75 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉంచినా, 15 పీపీఎం పొటాషియం పర్మాంగనేట్‌లో పావుగంట ఉంచినా ఆ గొట్టం ఇక బయటికి రాదని 2018లో ఈ పద్ధతితోనే తేల్చారు. చెరువు మట్టిలోంచి స్పోర్లను వడపోసి ఇలా చూడటం మాత్రం అయ్యే పని కాదు.

అలాంటప్పుడు మట్టిని కాకుండా రొయ్యనే అడగడం నయం. నీళ్లు పెట్టాక, అసలు పిల్ల వేసే ముందు, పరీక్షలో శుభ్రమని తేలిన కొద్దిపాటి పిల్లలను అడుగు మట్టి తగిలేలా చిన్న వలగూడులో పెట్టి రెండు మూడు వారాలు పెంచవచ్చు. వాటిని వారం తేడాతో రెండుసార్లు, ఒకే ల్యాబులో, స్పోరు గోడ జన్యువు మీద పరీక్షించాలి. మొదటిసారి సీటీ 33 వచ్చిందంటే అప్పుడే కంగారు పడక్కర్లేదు, నోట్లో పడ్డ పాత డీఎన్‌ఏ కూడా అంతమాత్రం చూపిస్తుంది. వారం తర్వాత అదే 26కు దిగితే సరుకు 128 రెట్లయిందన్నమాట. చచ్చిన స్పోరు పిల్లలు పెట్టదు.